ఫుల్ కౌంట్

పంచరంగడి పక్కన ఇనుప మెట్లెక్కితే మా క్లబ్బు.
బోర్డు మీద 'వినోద'లో 'వి' రాలిపోయి
మూడేండ్లుగా అది నోద క్లబ్బు.
తాడిపత్రిలో ఎవుర్నడిగినా దారి చూపిస్తారు,
పోలీసోళ్లతో సహా.

నాలుగు టేబుళ్లు. ఆకుపచ్చ రెగ్జిను మీద
టీ గ్లాసులు అచ్చేసిన గుండ్రాలు.
పాయింటుకు రూపాయి. పదమూడు ముక్కలు.
కట్టలు నెలకొకసారి మారుస్తాడు ఓబులప్ప.
తొందరగా మార్చమంటే
"పేకకేమన్నా రోగమొచ్చిందా?" అంటాడు.

హుసేన్‌పీరా నాకెదురుగా కూచుంటాడు.
నాపరాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను దగ్గర పని.
ఎంత తోమినా గోళ్ల సందుల్లో బండల పాలు.
ముక్క పట్టుకుంటే దాని వీపు మీద తెల్లటి బొటనవేలు.
ఆ సంగతి ఆయనకు తెలీదు.
నాకు తెలుసు.
ఇస్పేట్ ఆసుకు మూలన నెలవంక,
కళావర్ రాజుకు నడుమున సున్నపు చుక్క,
ఆఠీన్ రాణికి రెండు, ఆమెనెందుకో ఒక పట్టాన ఇడిచిపెట్టడు.
యా ముక్క యెవురి చేతిలో ఉందో
వీపు చూసి పేరు పెట్టి పిలుస్తా.

మోసమంటారా?
నేను కాటా గుమాస్తాను.
లారీ వచ్చి నిలబడితే బరువు చూసి రాసిస్తా,
పట్టా కింద ఏముందని అడగను.
ఏడాది పొడుగునా నా టీవీఎస్ బండి కంతులు
ఆ తెల్లచుక్కలే కట్టినాయి.

మొన్న శనివారం పీరా చేతులు శుభ్రంగా ఉన్నాయి.
గోళ్లు గులాబి రంగు. అరచేతుల్లో గీతలన్నీ కనపడుతున్నాయి.
"ఏం పీరా, అత్తరు కూడా పూసినావా?" అన్నాడు
డ్రైవర్ సుంకన్న.
అందరూ నవ్వినారు. ఆయన కూడా.
నాకు నవ్వు రాలేదు.
నాలుగు రోజులుగా ఆ ఫ్యాక్టరీ లారీ ఒక్కటీ
కాటా మీదికి ఎక్కలేదని
రాసిన పుస్తకం నాది.

జేబులోంచి రబ్బరు బ్యాండు ఇప్పని నోట్లు తీసి
తొడ కింద పెట్టుకున్నాడు.

పదింటికి నాకు ముక్కలు పండినాయి.
పంచినప్పుడే పడిన లైఫు, జోకరుతో రెండో లైఫు,
మూడు పదులు, నాలుగు రెండ్లు.
ఒక్క ముక్క బోర్లేసి "షో" అంటే చాలు.
నా వంతొచ్చింది. తీసినా, తీసిందే యేసినా.
ఇంకో చుట్టు. మళ్లా తీసిందే యేసినా.
పీరా ముక్కల్ని ముందుకీ వెనక్కీ సర్దుతున్నాడు,
కొలత తప్పిన బండల్ని
ఒకే గదిలో పరచాలని చూసే మేస్త్రీ లెక్క.
దేనికోసం ఆగినానో ఇప్పటికీ చెప్పలేను.
మూడో చుట్టులో సుంకన్న షో కొట్టినాడు.

"కౌంటెంత?"
పీరాది అరవై రెండు.
నా ముక్కలు బోర్లేసి కట్టలో కలిపేసి
"ఫుల్" అన్నా.
ఫుల్లని ఒప్పుకునేవాణ్ణి ఎవురూ తిప్పి చూడరు.
ఎనభై కట్టినా.
అందులో పావలా కూడా పీరాకు పోలేదు.
సుంకన్న ఆ డబ్బుతో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించినాడు.
పీరా రెండు తిన్నాడు. నేనూ తిన్నా.

మెట్లు దిగేటప్పుడు ముందు ఆయన, వెనక నేను.
పంచరంగడి మూసేసినారు, కాలిన రబ్బరు వాసన మాత్రం పోలేదు.
బండి తాళం తీస్తాంటే అడిగినాడు:
"అన్నా, నీకు ఆట అయిపోయింది గదా?
పదులు మూడూ నీ తావే ఉండె."
"నీకెట్ల తెలుసు?"
నా చెయ్యి పట్టుకొని వీధి లైటు దిక్కు తిప్పినాడు.
బొటనవేలికీ చూపుడువేలికీ
రసీదు పుస్తకంలోని కార్బన్ నీలం.

"నాది మళ్లా తెల్లగైతాదిలే," అన్నాడు,
"బేతంచెర్లలో పని అడిగి వచ్చినా."

నడుచుకుంటా పెన్న దిక్కు పోయినాడు.
నేను బండెక్కకుండా కాసేపు అక్కడే నిలబడినా,
చూసేవాళ్లెవరూ లేకపోయినా
చేతులు రెండూ జేబుల్లో పెట్టుకొని.