తెల్లగుడ్డ

పుళియాంతోపులో మా పెరడంటే
బాత్రూముకీ రైల్వే గోడకీ నడుమ మిగిలిపోయిన
ఏడడుగుల సందు.
ఒక నీళ్ల డ్రమ్ము, డబ్బాలో కరివేపాకు,
తలుపూడిన చెక్క బీరువాలో మూడు కోళ్లు.
పర్ల, సవల,
ఇంకా పేరు కుదరనిది ఒకటి.

వానలు మొదలైన వారం
సవల గుడ్డు పెట్టడం మానేసింది.
మంకెనపువ్వులా ఉండే తురాయి
ఉతికి ఉతికి వెలిసిపోయిన రవికె రంగుకి దిగింది.
నిలబడే కునుకు తీస్తోంది.

పక్క పోర్షను పెంచలమ్మ దిష్టి అంది.
పసుపూ సున్నం కలిపిన నీళ్లు మూడుసార్లు తిప్పి
మోరీలో పోసింది.
ఆ పోసిందీ ఎరుపే.

రెక్క ఎత్తి చూశాను, ఈకలు ఊది చూశాను,
తోక కింద చూశాను. ఏమీ లేదు.
రోజుకి తొంభై మందికి నరం దొరకబుచ్చుకుని
రక్తం తీసేదాన్ని,
గాజుపలక మీద కంటికానని కణాల్ని లెక్కబెట్టేదాన్ని,
నాకే కనపడలేదు.

కూరల సంచిలో వేసుకుని
పశువుల ఆస్పత్రికి వెళ్లాను.
ముందొక లాబ్రడారు, వెనకొక లాబ్రడారు,
మధ్యన సంచిలోంచి సవల మెడ.
చీటీ రాసే అబ్బాయి పేరడిగాడు.
చెప్పాను.
"ఉంగ పేరు ఇల్లమ్మా, కోళి పేరు."

డాక్టరు కయల్విళి దాని కనురెప్ప కిందికి లాగింది.
లోపల పాలగాజు తెలుపు.
"పగలు వెతికితే దొరకవు,
రాత్రి చూడు" అంది.
పగలంతా చెక్క సందుల్లో పడుకుంటాయట ఆ పేలు,
చీకటి పడ్డాక డ్యూటీ ఎక్కుతాయట.

నేనూ నైట్ షిఫ్టులు చేసినదాన్నే.
వెంటనే అర్థమైంది.

పాత యూనిఫాం చింపి
అవి కూర్చునే దండెం కింద పరిచాను.
రెండింటికి లేచి సెల్లు లైటు వేస్తే
తెల్లగుడ్డ మీద ఆవగింజలో పావు లేని చుక్కలు,
నడుస్తున్న చుక్కలు.
బొటనవేలితో రాశాను.
ఎర్రగా సాగింది.
ఏ గ్రూపని అడగక్కర్లేదు,
సవలది.

ఆదివారం కోళ్లని డ్రమ్ముకి కట్టేసి
బీరువా కీలు కీలుకీ మరిగే నీళ్లు పోశాను.
దండెం కర్ర మార్చాను. పగుళ్లలోకి దూరేలా
సున్నం కుచ్చుతో కుక్కాను.
వారం తిరక్కుండా మళ్లీ పొయ్యమంది డాక్టరమ్మ,
పేల గుడ్లు ఇంకా ఉంటాయని.
గుడ్ల కోసం కోళ్లని పెంచి
గుడ్ల మీద వేణ్ణీళ్లు పోస్తున్నా.

ఇక బూడిద కావాలి.
గ్యాసు పొయ్యిల పేటలో బూడిదెక్కడిది?
ఇస్త్రీ బండి మునిరత్నం దగ్గర దొరికింది,
నిన్నటి బొగ్గులది, ఇంకా గోరువెచ్చగా.
"పళ్లకా అక్కా?"
"కోళ్ల స్నానానికి."
నవ్వలేదు. ఇంకో చేటెడు వేశాడు.

పొడి ఇసుక, బూడిద, ఎండిన వేపాకు నలిపి
పగిలిన బేసినులో పోసి నీడన పెట్టాను.
పేరు లేనిది ముందు దిగింది.
పక్కకి ఒరిగి, కాలు చాపి,
రెక్కతో ఎగజల్లుకుని ఎగజల్లుకుని
కళ్లు మూసుకుంది.
సిగ్గు లేకుండా ఎవరైనా అంత హాయిగా ఉండడం
ఈ సందులో నేనెప్పుడూ చూడలేదు.
దాని పేరు ఆ పూటే తోచింది: దొరసాని.

రాత్రి తల దువ్వుకుంటూ
ఊరికే నా కనురెప్ప కిందికి లాగి చూసుకున్నాను.
ట్యూబులైటు వెలుతురని సరిపెట్టుకుని
మళ్లీ చూశాను.
తొంభై మంది చీటీల మీద
ఆకుకూరలు తినమని చెప్పేదాన్ని.
నా కింద ఎవరు పరుస్తారు తెల్లగుడ్డ?

పంతొమ్మిదో రోజున సవల గుడ్డు పెట్టింది.
చిన్నది. పెంకు గరుకు.
మునిరత్నానికి ఇద్దామనే అనుకున్నాను.
ఉడకబెట్టి, ఉప్పు కూడా అద్దుకోకుండా
పొయ్యి దగ్గర నిలబడే తినేశాను.

బూడిద బాకీ అలానే ఉంది.