పధ్నాలుగో నంబరు అర

శుక్రవారంలోగా ఖాళీ చేయాలట.
పైపులు మారుస్తారు. మెట్ల దగ్గర కాగితం అంటించి పోయాడు
బిల్డింగు మేనేజరు,
సంతకం కింద రెండు గీతలు గీసి మరీ.

నేలమాళిగలో నాది పధ్నాలుగో నంబరు.
ఇనప వల తలుపు, గుడ్డి బల్బు,
అరటిపళ్ల అట్టపెట్టెల్లో
నలభై మూడేళ్ల కుట్టు పత్రికలు.
తంపెరెలో నవంబరంటే
మూడింటికే చీకటి; కిందికి దిగితే ఎప్పుడూ అంతే.

పై అంతస్తు తూలిక్కి వచ్చింది సాయానికి.
చేతులకు రబ్బరు తొడుగులు, నోట్లో సిద్ధాంతం:
"మూడు కుప్పలు, ఇర్మెలీ.
ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి. ఒక్కోదానికి పది సెకన్లు."
పది సెకన్లలో నేను
సూదిలోకి దారం కూడా ఎక్కించలేను.

మొదటి గంట బాగానే గడిచింది.
ఎనభైల నాటి భుజాలు పోయాయి.
వాటిలో దూది కుక్కుకుని
గుమ్మాల్లోంచి పక్కకి తిరిగి నడిచేవాళ్లం అందరం.
టెలిఫోనుకి గౌను, ఉడికిన గుడ్డుకి ఉన్ని టోపీ,
జాలి లేకుండా పోయాయి.
క్రిస్మస్ సంచికలే బరువు;
ఏటేటా అదే ఎర్ర మరుగుజ్జు, అదే తెల్ల గడ్డం.

ఇంతలో ఒక పత్రిక పొట్టలోంచి జారింది
నమూనాల కాగితం.
విప్పుతుంటే విప్పుతూనే ఉన్నాం, నేలంతా నిండింది.
ఎరుపు, నీలం, నలుపు గీతలు
ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
పాపాయి చొక్కా మీదుగా పెళ్లికూతురి గౌను,
గౌను నడుములోంచి ఎవడిదో పంట్లాం.
"ఇదేం రైల్వే మ్యాపు?" అంది తూలిక్కి.
"దిగాల్సిన స్టేషను తెలిస్తే చాలు."
నీలం చుక్కల గీత మీద వేలు నడిపించాను:
ఇది చంక మలుపు, ఇది మోచెయ్యి,
ఇక్కడ కాస్త ఆగాలి, ఇక్కడ కాజా.

ఆ పెట్టె అడుగున
ఉల్లిపొరల్లాంటి కాగితాలు.
మడతకో పేరు. నా చేతిరాతే.

"సైమ. కుడి భుజం సెంటీమీటరున్నర కిందికి."
మగ్గాల హాల్లో ముప్ఫై ఏళ్లు ఒక్క వైపే వంగింది మరి.
డాక్టరు కన్నా ముందు నా టేపుకి తెలిసిన సంగతి.

"కెర్తు. నడుము 71." కొట్టేసి 74. కొట్టేసి 79.
ఇంట్లో చెప్పకముందే నా దగ్గరికి వచ్చింది.
నోట్లో గుండుసూదులున్న మనిషి
ఏమీ అడగదు కదా.

"తౌనో. చలి కోటు. చేతులు ఇంకా వేయలేదు."
పచ్చికుట్టు చూసుకోవడానికి నాలుగుసార్లు వచ్చాడు.
ఏ కోటుకైనా రెండుసార్లు చాలు.
అయిదోసారికి రాలేదు.
ఆ కాగితం మడత నేనే మళ్లీ పెట్టాను,
పాత గాడిలోనే,
గోటితో నొక్కి.

తూలిక్కి సెకన్లు లెక్కపెట్టడం ఎప్పుడు మానేసిందో చూడలేదు.
పత్రికలన్నీ తనే పైకి మోసింది, పదకొండు పెట్టెలు,
కాగితాల తొట్టి మూత మూసుకోనంత.
తిరిగొచ్చి, పొరల కుప్ప దగ్గర నిలబడి
"నాది లేదా ఇందులో?" అంది.

నువ్వు ఈ ఇంట్లోకి వచ్చేసరికి
నా కళ్లు మిషను మానేశాయి, అని చెప్పాలి.
చెప్పలేదు.
టేపు ఎక్కడికి పోతుంది, జేబులోనే ఉంది.

రబ్బరు తొడుగులు తీసేసింది.
చేతులు పక్కకి చాపింది,
ఒక వేలు ఇనప వలకి తగులుతూ.
"ఊపిరి బిగబట్టకు తూలిక్కీ.
టేపుకి అబద్ధం చెబితే
కుట్టు దగ్గర పిగులుతుంది."

రాసుకోవడానికి ఏమీ మిగల్లేదు.
మెట్ల దాకా వెళ్లి
మేనేజరు కాగితం పీక్కొచ్చాను.
వెనకంతా తెల్లగా ఉంది.