రెండో పేజీ నుంచి

వాచకం తెరిస్తే మొదటి పేజీలోనే అమ్మ.
ఎర్రచీర, చంకలో బిడ్డ, పక్కన ఇంతెత్తు అ.
బాజీ ఆ పేజీని మడిచేశాడు,
నాలుగు మడతలు,
గోటితో రుద్ది రుద్ది,
ఇక విప్పడానికి లేదన్నంత గట్టిగా.

తారాపేట సందులో మా హోం.
గోడకవతల రైళ్లు, ఇవతల ఇరవైమూడు మంచాలు.
బడి నుంచి పిల్లలొచ్చే వేళకి
గుణదల నుంచి ఆటోలో వస్తాను నేను.
రిజిస్టర్లో వాడి వరసలో రాసి ఉంది:
వయసు సుమారు పది, ఊరు తెలియదు,
దొరికిన చోటు ఆరో నంబరు ప్లాట్‌ఫారం.

మొదటి వారం తప్పు చేశాను.
గోల ఎక్కువైందని డస్టర్‌తో బల్ల మీద ఒక్కటిచ్చాను.
అందరూ గప్‌చుప్.
బాజీ లేడు.
మంచం కింద, ట్రంకుపెట్టెల వెనక,
తల మీద చేతులు కప్పుకుని
అంకెలు లెక్కపెడుతున్నాడు,
ఎన్ని పడతాయో ముందే తెలిసినవాడిలా.

ఎనిమిదింటికి వంటచేసే ఏసుమరియమ్మ
చారన్నం పళ్లెం నేల మీద లోపలికి జరిపింది.
తనూ అక్కడే చతికిలబడి
చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూచుంది,
ఒక్క మాటా లేదు.
సగం కాయలయ్యాక ఒక చెయ్యి బయటికొచ్చింది.
నా ట్రైనింగ్ నోట్సులో ఎక్కడా లేదు
అంతసేపు ఊరికే కూచోవడం.

ఇప్పుడు డస్టర్‌ని గుడ్డు దించినట్టు దించుతాను.
తలుపు పక్క చోటు వాడిదే.
చెప్పులు విప్పమని అడగను.
దిండు కింద ఇడ్లీలు దొరికితే దొంగతనం అనను,
రేపటి మీద వాడికున్న అనుమానం అది.
చీమలు పట్టకుండా మూతడబ్బా ఇచ్చింది ఏసుమరియమ్మ.

ఒక సాయంత్రం తీసివేతలు చెబుతుంటే
గోడవతల కూత.
"రత్నాచల్. నలభై నిమిషాలు లేటు,"
తలెత్తకుండా అన్నాడు.
ఎన్ని రాత్రులు బెంచీల కింద పడుకుంటే
కూతని బట్టి బండి పేరు తెలుస్తుందో
నేనడగలేదు. వాడే చెబితే వింటాను.
సుద్దముక్క చేతికిచ్చాను.
వచ్చిన టైము పైన, రావలసిన టైము కింద.
నిమిషాలు చాలకపోతే అప్పు తెచ్చుకోవాలన్నాను.
"ఎవర్ని అడగాలి?"
"పక్కనున్న గంటని."
"ఇస్తుందా?"
"అడిగితే ఇస్తుంది."
నమ్మలేదు. చేసి చూశాడు.
నలభై వచ్చింది.
చెరిపేసి మళ్లీ చేశాడు.
మళ్లీ నలభయ్యే.

అక్షరాలు రెండో పేజీ నుంచి మొదలెట్టాం.
బ బండి, ప పట్టా, గ గార్డు.
ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన ఆఫీసరుగారు మొహం చిట్లించారు,
ఓనమాలు లేని చదువేంటి టీచర్ గారూ అని.
ఉన్నాయండీ, మడతలో ఉన్నాయి అన్నాను.

అంతా బాగుపడిపోయిందని ఎవరూ రాసుకోవద్దు.
దీపావళి వారమంతా వాడు మంచం కిందే,
ఒక్కో టపాకాయకీ ఇంకాస్త గోడలోకి.
టార్చిలైటూ ఎక్కాల పుస్తకమూ అక్కడికే పంపాం.
ఏడో ఎక్కం అక్కడే వచ్చింది.

ఈ జూన్లో సింహాద్రి అని కొత్తవాడొచ్చాడు.
ఏడేళ్లుంటాయేమో.
వాచకం తెరిచి మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు,
కింది పెదవి పళ్లకింద నొక్కుకుని.
నేను లేచేలోపే
బాజీ చెయ్యి చాచి పేజీ తిప్పేశాడు.
"అది తర్వాత. నేనూ ఇంకా చదవలా.
ముందు చెప్పు, నీకే బండి తెలుసు?"

వెళ్లేముందు పుస్తకాలు సర్దుతూ చూశాను.
బాజీ వాచకంలో మడతలు మూడే ఉన్నాయి.
నాలుగోది ఎప్పుడు విప్పాడో అడగను.

సందు చివర ఆటో కోసం నిలబడ్డాను,
ఏదో బండి కూసింది.
ఏ బండో, టైముకొచ్చిందో లేటో,
నాకింకా పట్టుబడలేదు.
రేపు వాణ్ణడగాలి.