బంగారం నల్లగా వస్తుంది

గుణుపురం బస్టాండు ఎదర నా జిరాక్సు కొట్టు.
భూమి పట్టాలు, రేషను కార్డులు, కులం కాగితాలు,
ఒడియాలో రాసినవి, తెలుగులో ఏడ్చినవి,
అన్నీ ఈ అద్దం మీద బోర్లా పడుకొని లేచినవే.

ఓ శనివారం సిలాసు రైకా కొండ దిగొచ్చాడు,
సవర గూడేల్లో వాక్యం చెప్పే మనిషి.
తువ్వాల్లో చుట్టిన పుస్తకం విప్పాడు.
ఏ దేశపు ఫాదరో పోతూ పోతూ ఇచ్చాడట,
ఎనిమిది వందల ఏళ్ళ కిందటి బొమ్మలకి అచ్చు.
"మృగాలన్నీ రంగుల్లో తియ్యి, సండే స్కూలు పిల్లలకి."
"రంగు మిషను లేదు మావా."
"అయితే నలుపే తియ్యి."

పుట తిప్పినప్పుడల్లా ఒక అర్థం చెప్పాడు.
చచ్చిపుట్టిన కూనల మీద
మూడోనాడు ఊపిరి ఊదే సింహం.
రొమ్ము చీల్చుకొని పిల్లలకి నెత్తురు పట్టే గూడబాతు.
"తేలినీలాపురంలో చూశాను వాటిని,
గొంతులోంచి చేపలు తీసి పెడతాయంతే" అన్నాను.
"గొంతుకీ గుండెకీ దూరమెంతేటి?" అన్నాడు.

తరవాత ఏనుగు.
గీసినవాడు జన్మలో ఏనుగుని చూసుండడు:
పంది ఒళ్ళు, సన్నాయి మూతి, కుక్క పాదాలు.
దానికి మోకాళ్ళుండవట,
చెట్టుకి ఆనుకొని నిలబడే నిద్రపోతుందట,
వేటగాడు ఆ చెట్టుని సగం కోసి ఉంచుతాడట.
పడితే ఇక లేవలేదు.
పెద్దేనుగు ఒకటొచ్చి ఎత్తలేదు,
పన్నెండొచ్చి ఎత్తలేవు,
అన్నిటికన్నా చిన్నదొచ్చి
తొండం కిందికి దూర్చి లేపుతుంది.
"ఆ చిన్నదే ప్రభువు."

పచ్చటి వెలుగు అద్దం కింద పాకింది.
కాగితం వేడివేడిగా బయటికొచ్చింది.
బొమ్మ చుట్టూ ఉన్న బంగారమంతా
మసి పూసినట్టు నల్లగా.
"అది మెరుస్తాది కదా మావా,
మెరిసిందల్లా నా మిషనుకి చీకటే."

మొక్కజొన్న పాలు పట్టే రోజుల్లో
లఖారి అడవిలోంచి మంద దిగింది.
వంశధార దాటింది.
మా బావమరిది చేను గట్టున
మోకాలెత్తున కరెంటు తీగ.

తెల్లారి ఊరంతా వెళ్ళాం.
మిగతావి కొండెక్కి పోయాయి.
చిన్నదొకటే ఉండిపోయింది,
తల్లి పొట్ట కిందికి తొండం దూర్చి
తోస్తోంది, ఆగుతోంది, మళ్ళీ తోస్తోంది.
బురదలో దాని కాళ్ళు జారిన గుర్తులు
దుక్కి దున్నినట్టున్నాయి.
జనంలో సిలాసు ఉన్నాడు.
నేను అటు చూడలేదు.

పదకొండింటికి
ఎత్తింది జేసీబీ.

పంచనామా నకళ్ళు నా దగ్గరే తీశారు.
ఫోటోలో ఏనుగు ఒక సిరా మరక.
బావమరిది పేరు మాత్రం స్పష్టంగా వచ్చింది.

మళ్ళీ శనివారం సిలాసు వచ్చాడు.
వాక్యమేదీ ఎత్తలేదు.
పాత నకలు బల్ల మీద పరిచి
నా జేబులోని పెన్ను తీసుకొని
ఆ నాలుగు కాళ్ళకీ ఒక్కొక్కటిగా
మోకాళ్ళు గీశాడు.
చాలాసేపు పట్టింది.

"మడిచే పడింది, నాను సూసాను" అన్నాడు.
"ఇప్పుడు దీన్ని ముప్పై తియ్యి."