పంటి బిగువు

మంగళవారం టికెట్టు సగం ధర.
బల్లారట్‌లో జూలై చలి మాత్రం పూర్తి ధర.
లిడియార్డ్ వీధిలో మూడు తెరల థియేటరు,
నాలుగో వరస, కుడి చివర రెండు సీట్లు:
ఒకటి నాకు, ఒకటి నా కోటుకు.

నేను పళ్ళు చేస్తాను. కట్టుడు పళ్ళు.
పగలంతా మైనం, గులాబీ చిగుళ్ళు,
మొహం తెలియని నోళ్ళ అచ్చులు.
అందుకే తెర మీద ఎవరేడ్చినా
కళ్ళకేసి చూడను.
కన్నీళ్ళదేముంది, గ్లిజరిన్ చుక్క చాలు.
దవడ చూస్తాను.

ఈ ఏడాది అందరూ మోస్తున్నది
ఆ జడ్జి సినిమా.
రెండు గంటల నలభై నిమిషాలు
హీరో అరిచాడు.
మెట్ల మీద అరిచాడు, వానలో అరిచాడు,
చనిపోయిన భార్య గౌను పట్టుకుని అరిచాడు.
హాలంతా ముక్కులు చీదుకుంటుంటే
నేను అతని పై వరస లెక్కపెట్టాను.
ఆరూ పోర్సిలిన్ తొడుగులే.
డెబ్భై ఏళ్ళ కిందటి గొర్రెల ఊరి జడ్జికి
అంత తెల్లటి పళ్ళెక్కడివి?

అరుపంటే నాకు పడదని కాదు.
మా పేటలో నవమి పందిట్లో
గుక్క తిప్పుకోకుండా రాగం తీసిన రాజు వేషగాడికి
వన్స్ మోర్ కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.
కానీ అతను అరిచింది
చిట్టచివరి చాప మీదివాళ్ళకి వినబడాలని.
ఇతనికి జానెడు దూరంలో మైకుంది.

మతిమరుపు ముసలాయన సినిమా?
బాగానే చేశాడు, కాదనను.
కాకపోతే తను మరిచిపోతున్నానన్న సంగతి
అతనికి మరీ బాగా గుర్తుంది.

గని కార్మికుడి కూతురిగా వేసిన కొత్త పిల్ల,
దాని మొహం మాట చెప్పేశాక
వయొలిన్లు అదే మాట మళ్ళీ చెప్పాయి.
పిల్ల తప్పేం లేదు.

నాకు నచ్చింది పడవలో వంటమనిషి కథ.
వారమే ఆడింది. హాల్లో నాతో కలిపి పదకొండుమంది.
ఫోనులో తమ్ముడి చావు కబురు వింటూ
ఆవిడ ఉల్లిపాయ తొక్క తీస్తూనే ఉంది.
"సరే" అంది.
చెవి కింద, దవడ మలుపు దగ్గర,
కండ ఒకటి ఉబ్బి అణిగింది.
ఒక్కసారి.
పంటి బిగువున అన్న మాట
మనవాళ్ళు ఆ కండని చూసే పుట్టించి ఉండాలి.
అప్పుడు ఏడవలేదు నేను.
గురువారం బల్ల దగ్గర దంతం ఒకటి అరగదీస్తూ
కళ్ళజోడు తీయాల్సొచ్చింది.

టికెట్లు చింపే నోరీన్ ఇదంతా ఒప్పుకోదు.
పేరులోనే నోరుంది, ఊరుకుంటుందా?
"నీది రాతిగుండె" అంటుంది.
జడ్జి సినిమా నాలుగుసార్లు చూసింది,
టార్చి పట్టుకుని, తలుపు పక్కన నిలబడి.
"మగాడు అలా నోరు తెరిచి ఏడవడం
ఎక్కడన్నా చూశావా?" అంటుంది.
నేను పెదవి విరుస్తాను.

పోయిన సోమవారం మరమ్మతుకొక సెట్టొచ్చింది.
పై పలక, నిలువునా చీలిక.
చీటీ మీద నోరీన్ పేరు.
వెనక పళ్ళు అరిగి అరిగి
గడపరాయిలా చదునైపోయాయి.
అది తిండి అరుగుదల కాదు.
ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకు తెలుసు.
రాత్రుళ్ళు, చీకట్లో,
ఎవరికీ వినబడకుండా కొరికిన అరుగుదల.
దాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

నిన్న జడ్జికి ఆఖరి ఆట.
కోటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.
నోరీన్ టార్చి ఆర్పి వచ్చి కూర్చుంది.
అతను మెట్ల మీద అరిచాడు.
ఆమె దవడ వైపు
నేను తిరిగి చూడలేదు.

అయినా అంటాను:
వాన సీను అనవసరం.