ఈల

యుద్ధం జరిగే రోజుల్లో
నెల్లూరు నించి సైకిలు మీదొచ్చిన ఆఫీసరు
మా తాత చేతిలో ఇత్తడి ఈల పెట్టాడంట.
"ఇసకపల్లి లాకు నీదే తిరుపాలూ.
కాలవ ఆపను బాంబెందుకు,
ఒక్క పడవ అడ్డంగా మునిగితే చాలు."

లాంతరుకి నల్లగుడ్డ చుట్టి
రాత్రంతా లాకు తలుపు మీద కూచునేవాడు.
జపానోడు ఎట్టుంటాడో తెలీదు.
గట్టున నక్క కదిలినా
"ఎవురది?" అనేవాడంట.

వచ్చింది మేనమామ కొడుకు అంకయ్య.
మద్రాసుకి సరుగుడు కట్టెలు,
అడుగుచెక్కల్లో పీచు ఊడిన పడవ.
తెల్లారేసరికి లాకు నోట్లో అడ్డం పడుంది.
వెనక నలభై ఉప్పు పడవలు.
మద్దేనానికి తుంపర మొదలైంది.
ఉప్పంతా కారి కారి
కాలవలోకే పోయింది.

"ఎవడు చెప్తే ముంచావురా?"
"చిల్లి పడింది సామీ."
ఎన్ని దెబ్బలకీ అదే మాటంట.
మూడు నెలలేశారు.

ఇప్పుడా కాలవ నిండా చిల్లచెట్లు.
నా రొయ్యలు కృష్ణపట్నంలో, మంచుపెట్టెల్లో.
నేను చూడని ఏదో సముద్రం గొంతు కాడ
ఎవరో ఎవర్నో కొడతన్నారు,
నలభై కౌంటు కిలోకి అరవై దిగింది.
"ఓడ చుట్టు తిరిగి పోవాలన్నా, ఓర్చుకో"
అంటాడు ఏజెంటు.
మేత కొట్టువాడికి ఈ భూగోళం ఎట్ట చెప్పేది?

గుంట గట్టున కూచుని ఆ ఈలే ఊదతాను.
కొంగలు లేచి, ఒక చుట్టు తిరిగి
మళ్ళీ ఆడే వాలతాయి.

తాత దీన్ని ఒక్కసారీ ఊదలేదు.
ఊదాల్సిన ఆ రాత్రి
నోట్లో పొగాకు ఉందని
చచ్చేదాకా చెప్పాడు.