మూడో ఓటు

రాత్రి రెండూ నలభైకి క్లాక్స్‌విక్‌లో కరెంటు పోయింది.
ఇక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది,
అప్పులవాడిలా తలుపు సందులోంచి.
జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఫ్యాక్టరీ మేడ మీది సర్వరు ఆగిపోయింది.

పరవాలేదనుకున్నాను.
నీటి అవతల, కునోయ్‌లో, రెండోది ఉంది. వేరే లైను.
జంటగా కొన్నది అందుకే కదా,
ఒకటి పడితే ఇంకొకటి మోయాలని.

రెండోదీ ఆగింది.
పడిపోయి కాదు. దీపాలు పచ్చగానే ఉన్నాయి,
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
పని మాత్రం కింద పెట్టేసింది.

ల్యాప్‌టాప్ తెర మీద: పదకొండు వందల డెబ్బై ఏడు.
దాని పైన: పదిహేను వందల అరవై నాలుగు.
అంకెల్లో చెబుతుంది గానీ మాట ఒక్కటే:
కోరం లేదు. సభ వాయిదా.

బయట ఫియోర్డులో, ఎనిమిది వలల్లో, లక్షా పదివేల సాల్మన్లు.
వాటికి గాలి పంపే మోటార్లు
వాయిదా పడ్డ సభ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నాయి.
పడవలోంచి టోర్లైవుర్ రేడియోలో అరుస్తున్నాడు:
"బతికే ఉందంటావు, మరి పని చెయ్యదేం?"

ఏం చెప్పను?
చీకట్లో ఒంటరిగా ఉన్నదానికి
అవతలిది చచ్చిందో
మధ్యలో తీగే తెగిందో తెలియదు.
నేనే పెద్దనని ఇది లేచి,
నేనే పెద్దనని అదీ లేస్తే,
ఒకే మోటారుకి రెండు ఆజ్ఞలు, ఒకే వలకి రెండు లెక్కలు.
తర్వాత ఏ చిట్టా నిజమో దేవుడు కూడా తేల్చలేడు.
అందుకని నేర్పాం దానికి:
మూడింట రెండు ఓట్లు లేకపోతే నోరు మూసుకోమని.
తనదొకటి. ఇంకొకటి సాక్షిది.

సాక్షి ఎక్కడ?

హ్యాల్‌గ్రీమ్‌ని లేపాను. రిటైరై మూడేళ్లు.
"చేపల వేలం ఆఫీసులో, బల్ల కింద, పాత పెట్టె.
దాని మీద కాళ్లు పెట్టుకునేవాళ్లు. లేదా?"
లేదు.
"ఎవరు తీశారు?"

రెండేళ్ల కింద, ఓ మే నెల మధ్యాహ్నం,
ఎవరో సాక్షిని శుభ్రంగా సర్ది,
వర్చువల్ మెషీన్‌గా మార్చి,
ఈ జంట ఇంట్లోనే కాపురం పెట్టించారు.
అదీ క్లాక్స్‌విక్ వైపు గదిలో.
నోరు విప్పాల్సిన రోజున
సాక్షి కూడా అదే శవం కడుపులో ఉంది.

పని చేసినవారి పేరు: రగ్న్‌ఫ్రీ.
నేనే.
ఇంటి దొంగని ఈశ్వరుడు పట్టలేడంటారు.
లాగ్ ఫైలు పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం నాకు గుర్తే లేదు.
బల్ల కింద దుమ్ము మాత్రం గుర్తుంది.

హ్యాల్‌గ్రీమ్ ఏమీ అనలేదు. కెటిల్ ఈల వినిపించింది. తర్వాత,
"అవతలిది చచ్చిందని నీకు తెలుసా, అనుకుంటున్నావా?"
టార్చి పట్టుకుని మేడెక్కాను.
పెట్టె మీద చెయ్యి వేశాను. చల్లబడుతోంది.
ప్లగ్గు కూడా పీకేశాను.
తెలుసు, అన్నాను.

అప్పుడు కొట్టాను కునోయ్‌కి, బలవంతపు కోరం.
చిన్న ఆజ్ఞే. వేళ్లు మూడుసార్లు తప్పాయి.
మూడూ పదకొండుకి మోటార్లు తిరిగాయి.

తెల్లారాక రెండో వలలో
నాలుగు వందల పన్నెండు వెల్లకిలా తేలాయి.
టోర్లైవుర్ లెక్కపెట్టి చెప్పాడు, తిట్టకుండా.
తిడితే బాగుండేది.

గురువారం సాక్షికి కొత్త ఇల్లు చూశాం,
ఫుగ్లఫ్యోరుర్‌లో, సొరంగానికి అవతల,
సున్‌వా నడిపే ఊలు దుకాణం వెనక గది.
మొదట లోపలికి రానివ్వలేదు:
రాసే హక్కు అలవాటుకొద్దీ నా పేరు మీద ఇచ్చాను.
తుడిచేసి, జంట పేరు మీద ఇచ్చాను.

"ఇందులో ఏం దాస్తారు?" అంది సున్‌వా.
ఏమీ లేదమ్మా. చేపల లెక్క లేదు, ధర లేదు.
చివరిసారి ఎవరు మేలుకుని ఉన్నారో, అంతే.
"అంతేనా," అంది,
ఊలు ఉండల మధ్య చోటు చేస్తూ.

తర్వాత, చూద్దామని, మధ్య తీగ మేమే పీకాం.
పదిహేను సెకన్లు.
ఒకటి నిలబడింది. ఒకటి తలవంచి కూర్చుంది.
కూర్చున్నదాని వంకే
చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.